వేడి మాత్ర

ఆ గదిలో ఉన్నవాళ్ళం నలుగురం: స్త్రీల డాక్టరు, ఆమె పక్కన ఒక నర్సు, మా మేనత్త, నేను. ఉన్న వస్తువులు: ఒక బల్ల, మూడు కుర్చీలు, పచ్చ తెర వెనక పరీక్ష మంచం, మందుల కంపెనీ క్యాలెండరు, ప్లాస్టిక్ గర్భసంచి బొమ్మ (దాని ఎడమ అండాశయం ఊడిపోయింది), కిటికీ గట్టు మీద వేలితో రాస్తే అక్షరం పడేంత ఎర్రదుమ్ము, అత్త ఒడిలో గుడ్డ సంచి. ఆ సంచిలో ఏమున్నాయో నాకు తెలుసనుకున్నాను. స్కాన్ రిపోర్టు, నీళ్ళ సీసా, జేబురుమాలు, చిన్న బైబిలు. మాత్రల పట్టీ ఒకటి కూడా ఉందని తర్వాత తెలిసింది.

అత్తకు అప్పటికి యాభై మూడేళ్ళు. ముట్టు ఆగి నాలుగేళ్ళయింది. ఆగిందనుకున్నది మూడు వారాలుగా మరకలు మరకలుగా మళ్ళీ కనిపిస్తోంది. మామ లారీ తీసుకుని రేవుకు పోయి ఉండటం వల్ల తోడు నేను వెళ్ళాను.

డాక్టరు స్కాన్ రిపోర్టు చదివింది.

"లోపలి పొర మందమైందమ్మా. మీ వయసుకి అది కాగితమంత పల్చగా ఉండాల. హార్మోన్ మాత్రలు ఏమన్నా తింటాండారా?"

"లేదమ్మా. అట్లాంటివి నేనెప్పుడూ తినలే."

"మరి వేరే మాత్రలు?"

"బీపీకి ఒకటి. గ్యాసుకి ఒకటి. ఇంగ ఒంట్లో వేడికి ఒకటి."

నర్సు కన్నడావిడ. ఆమె నవ్వి, "బళ్ళారిలి యారిగె ఉష్ణ ఇల్లమ్మా?" అంది. బళ్ళారిలో వేడి లేనిదెవరికి అని. డాక్టరు కూడా నవ్వింది. మా వైపు వేడి అంటే మూత్రంలో మంట. దానికి బార్లీ నీళ్ళు తాగుతారు, మెడికల్ షాపులో ఏదో పొడి కొనుక్కుంటారు. "నీళ్ళు బాగా తాగండి" అని డాక్టరు రాసుకుంటూ నా వైపు చూసింది. లోపలికి వస్తూనే అత్త నన్ను పరిచయం చేసింది: మా అన్న కొడుకు, మందుల చదువు చదువుతాండాడు అని.

"హార్మోన్లు ఏమీ లేవు కదా?" డాక్టరు నన్నే అడిగింది.

"లేవు మేడం" అన్నాను.

అంత కచ్చితంగా చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ ఇంట్లో రెండేళ్ళుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలుసనుకున్నాను, అంతే.

"పొర నుంచి సాంపుల్ తీసి పరీక్షకి పంపాల. గురువారం పొద్దున ఏమీ తినకుండా రండి" అంది డాక్టరు.

మాది కెంచనగుడ్డ. బళ్ళారిలో ఎం.ఫార్మసీ సీటు వచ్చాక పాత మిషను చర్చి వెనక మేనత్త ఇంట్లో దిగాను. రెండు గదులు, ఒక వంటిల్లు. అత్త ఆడపిల్లల హాస్టల్లో వంటలకు పెద్ద. రెండు వందల మందికి సాంబారు ఒక్క చేత్తో కలిపేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆమే. పిల్లలు లేరు. గనులు జోరందుకున్నాక మామ ట్రాక్టరు వదిలి లారీ ఎక్కాడు. సండూరు నుంచి ఇనుప ఖనిజం రేవుకు, రేవు నుంచి ఖాళీగా వెనక్కు. ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా ఎర్రగా ఉండేవి.

నా ప్రాజెక్టు ఆడ ఎలుకల మీద. ఈస్ట్రోజెన్ అనే హార్మోను గర్భసంచిలో ఏం చేస్తుందో కొలవడం. ముప్పై ఆరు ఎలుకలు, ఆరు గుంపులు, గుంపుకు ఆరు. అన్నింటికీ ముందే అండాశయాలు తీసేస్తాం, ఎలుక సొంత హార్మోను అడ్డం రాకుండా. రెండు వారాలకు గర్భసంచి దారమంత సన్నబడుతుంది. అప్పుడు ఇంజక్షన్లు మొదలు. ఒకటో గుంపుకు ఉత్త నూనె. రెండో గుంపుకు ఈస్ట్రోజెన్. మూడో గుంపుకు ఈస్ట్రోజెన్‌తో పాటు ఆర్.ఎన్.ఏ. తయారీని ఆపే మందు. నాలుగోదానికి ఈస్ట్రోజెన్, ప్రొటీన్ తయారీని ఆపే మందు. ఐదోదానికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్. ఆరోదానికి ఒక్క ప్రొజెస్టిరాన్.

ఒకసారి భోజనాల దగ్గర మామ ఇదంతా అడిగి చెప్పించుకున్నాడు.

"మొత్తానికి ఎలుక సంచి తీసి తూకం వేస్తావు. అంతేనా?"

"అంతే మామా. తర్వాత దాన్ని రుబ్బి..."

"మేము లారీ తూస్తాం, నువ్వు ఎలుకని తూస్తాండావు. ఇద్దరిదీ వేబ్రిడ్జి పనే కదప్పా. ఓవర్‌లోడు ఉంటాదా మీ దాంట్లో?"

"రెండో గుంపంతా ఓవర్‌లోడే."

"పట్టుకునేవాళ్ళు?"

"ఐదో గుంపులో ఉంటారు."

అత్త చారు వడ్డిస్తూ, "పాపం, ఆడ ఎలుకలే యాల? మగవాటిని కోయరాదా?" అంది.

"మగదానికి సంచి యాడిదే?" అన్నాడు మామ. "ఎలుకల డాక్టరుకి పెండ్లి చేస్తే ఇంగ ఆ పిల్లని కూడా తూస్తాడు."

అత్త గరిటె ఎత్తింది. అందరం నవ్వాం.

ఆ ప్రయోగంలో నేను చూసినది ఇది. ఈస్ట్రోజెన్ రక్తంలోంచి గర్భసంచి కణంలోకి సులువుగా దిగిపోతుంది. లోపల దానికోసమే ఉన్న ఒక ప్రొటీనుకు అతుక్కుంటుంది. ఆ జంట డి.ఎన్.ఏ. మీద కొన్ని నిర్ణీత చోట్ల కూర్చుంటుంది. అప్పటిదాకా మూగగా ఉన్న జన్యువులు పని మొదలుపెడతాయి. వాటి నకళ్ళు ఆర్.ఎన్.ఏ. రూపంలో బయటికి వస్తాయి, ఆ నకళ్ళను చదివి కణం ప్రొటీన్లు తయారుచేస్తుంది. మొదటి ఆరు గంటల్లో సంచి నీరు పట్టి ఉబ్బుతుంది. తర్వాత ఆర్.ఎన్.ఏ. పెరుగుతుంది, పరీక్షనాళికలో ఆకుపచ్చ ముదురుతుంది. రోజు తిరిగేసరికి ప్రొటీన్ పెరుగుతుంది, మరో నాళికలో నీలం ముదురుతుంది. ఆ తర్వాత కణాలు రెండు రెండుగా చీలడం మొదలవుతుంది. మూడో గుంపులో నకళ్ళు ఆపేశాం కాబట్టి హార్మోను ఉన్నా నీలం ముదరలేదు.

వీటన్నిట్లో నాకు ఎక్కువ నచ్చింది ఇంకొకటి. ఈస్ట్రోజెన్ పని చేయించే జన్యువుల్లో ఒకటి ప్రొజెస్టిరాన్‌ను అందుకునే ప్రొటీనుది. అంటే తనను ఆపబోయేదాన్ని వినే చెవిని కూడా ఈస్ట్రోజెనే తయారుచేయిస్తుంది. ప్రొజెస్టిరాన్ వచ్చి చెప్తే పెరుగుదల తగ్గుతుంది, మనుషుల్లో అది వచ్చి వెళ్ళిపోతే పొర రాలిపోతుంది. రాకపోతే చెవి అట్లాగే ఉంటుంది, పొర పెరుగుతూనే ఉంటుంది.

డాక్టరు చెప్పిన గురువారం నాకు కుదరలేదు. సోమ, మంగళ, బుధవారాలు ఐదో గుంపుకు ఇంజక్షన్లు. చివరి ఇంజక్షన్ పడిన ఇరవై నాలుగు గంటల్లో ఎలుకల్ని కోయాలి. ఆ గడువు జరపడానికి వీల్లేదు, జరిపితే గుంపంతా వృథా. వచ్చే వారం పోదాం అత్తా అన్నాను. ఆమె ముఖం తేటపడింది. సాంపుల్ అన్న మాటకే భయపడి ఉంది.

వచ్చే వారానికి మరకలు ఆగిపోయాయి.

"ఆగిపోయింది కదరా. ఇంగేం సాంపుల్? హాస్టల్లో పిల్లలకి పరీక్షలు, నేను లేకుంటే వాళ్ళకి గంజి పెడతారు ఆ ఆడోళ్ళు."

నేను కాగితం తీసుకుని ఆలోచించాను. నిజంగానే కాగితం మీద వేసుకున్నాను. ఒకటి, ముట్టు ఆగి నాలుగేళ్ళు, అండాశయాలు పని చేయవు. రెండు, బయటి నుంచి హార్మోను లేదు. మూడు, హార్మోను లేకుండా పొర పెరగదు, నా ఒకటో గుంపే సాక్ష్యం. కాబట్టి స్కాన్ కొలత తప్పయి ఉంటుంది. ఈ మాటే ఆమెకు చెప్పాను. ఆమె ప్రార్థనలో దేవునికి వందనాలు చెప్పుకుంది, మధ్యలో నా చదువుకు కూడా.

నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలల్లో మా వీధికి మూడో మెడికల్ షాపు వచ్చింది, ఎదురింటి పైన ఇంకో అంతస్తు లేచింది, ఉతికిన బట్టలు ఇంట్లోనే ఆరేయడం అలవాటైంది. బయట ఆరేస్తే తెల్లవన్నీ లేత ఇటుక రంగుకు తిరిగేవి.

ఒక ఆదివారం చర్చిలో రెండో పాట మధ్యలో అత్త గొంతు ఆగిపోయింది. కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్ళు చెంగులు అడ్డం పట్టి బయటికి నడిపించుకొచ్చారు. ఇంటికొచ్చాక దుప్పటి మార్చి, మంచం మీద పడుకోబెట్టాను. ఆమె నా కళ్ళలోకి చూడలేదు.

"ఎన్ని రోజుల్నుంచి అత్తా?"

"పది రోజులాయ. వేడి ఎక్కువైనాదిరా. అందుకే రక్తం పడతాంది. ఆ మాత్ర రోజుకి రెండేసి తింటాండా, తగ్గలే. అయిపోయినాయి కూడా. నువ్వు పోయి తీసకరా. హాస్టల్ పక్క మెడికల్ షాపు. వంటమ్మకి వేడి మాత్రలు అంటే చాలు, ఇస్తాడు."

ఎప్పుడూ ఆమే తెచ్చుకునేది. నన్ను పంపడం అదే మొదలు.

షాపతను పేరైనా అడగకుండా లోపలి అరలోంచి పట్టీ తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఒకటి చాలునా, రెండియ్యనా? మొన్నట్నుంచి రెండు రెండు తింటాంది కదా వంటమ్మ."

పట్టీ తిప్పి వెనక చదివాను. కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్స్, 0.625 మి.గ్రా. ఇంకోసారి చదివాను.

"ఇది హార్మోన్ మాత్ర కదప్పా."

"అవును. మరి వేడికి అదే కదా."

"ఏ వేడికి?"

అతను నన్ను వింతగా చూశాడు. "ఏంది సార్, మీరు మందుల కాలేజీ అంట కదా. ముట్టు నిలిచిపోయినాక ఆడోళ్ళకి ఒళ్ళంతా గుప్పున మంట లేస్తాది, చెమట్లు పోస్తాది. ఆ వేడికి. క్యాంపుకి వచ్చిన డాక్టరే రాసిచ్చినాడు. చీటీ నేను చూసినా."

"ఎన్నాళ్ళకి రాసినాడు?"

"మూడు నెలలకి."

"ఇప్పుడెన్నాళ్ళయింది?"

"రెండేండ్లు దాటింది. ఆయమ్మకి బాగుంటాది అనింది, ఇస్తాండా."

"దీనితోబాటు ఇంకో మాత్ర రాసి ఉండాల."

"రాసినాడు. ఆయమ్మే వద్దనింది. అది తిన్నప్పుడల్లా మళ్ళీ ముట్టు వస్తాందంట. ఈ వయసులో నాకెందుకప్పా అని నగినాది. నిజమే కదా అని నేనూ ఆపేస్తి."

ఆ ఇంకో మాత్ర ప్రొజెస్టిరాన్ జాతిది. నెలకు పన్నెండు రోజులు తింటే అది పొరను ఆపి, తిన్నాక రాల్చేస్తుంది. రాలడాన్ని అత్త మాత్ర తెచ్చిన రోగం అనుకుంది. కాపాడేదాన్ని పారేసి, పెంచేదాన్ని దాచుకుంది. పెంచేదానికి వేడి మాత్ర అని పేరు పెట్టుకుంది, కాపాడేదానికి ముట్టు మాత్ర అని. నా రెండో గుంపు ఎలుకలకు నేను మూడు రోజులు ఇచ్చిన జాతి మందే, నా పక్క గదిలో, రెండేళ్ళకు పైగా.

పట్టీ కొనకుండా ఇంటికొచ్చాను. అత్త లేచి గోడకు ఆనుకుని కూర్చుంది.

"దొరకలేదా?"

"అత్తా, అది హార్మోన్ మాత్ర. డాక్టరు అడిగింది అదే."

"అది హార్మోనా? వేడి మాత్ర అని ఆయమ్మకి చెప్తినే. నీ ముందరే చెప్తి కదా."

నిజమే. ఆమె చెప్పింది. విన్నవాళ్ళం ముగ్గురం.

ఎలుకల గురించి చెప్పినట్టు కాకుండా, చేతనైనంత మామూలు మాటల్లో చెప్పాను. ఒక మాత్ర పొరను పెంచుతుంది, రెండోది దాన్ని దింపుతుంది, రెండోది ఆపడం వల్ల పెరుగుతూనే పోయింది అని.

"అంటే పొయ్యి మీద పెట్టి, మంట పెంచుకుంటా పోయినా. దించలే."

"అంతే అత్తా."

"మాడిందా?"

"సాంపుల్ తీస్తే తెలుస్తాది."

"నువ్వు పోయినసారి వద్దంటివి కదరా" అంది. నిష్ఠూరంగా కాదు. గుర్తు చేసుకుంటున్నట్టు అంది. అది ఇప్పటికీ అదే స్వరంలో వినిపిస్తుంది.

మర్నాడు డాక్టరు దగ్గరికి పోయాం. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కాసేపు పెన్ను మూత తీసి పెట్టి తీసి పెట్టి చేసింది.

"మీరు ఫార్మసీ కదా?"

"అవును మేడం."

"నేను కూడా అడిగి ఉండాల. వేడి అంటే ఏ వేడి అని." ఆ తర్వాత నాతో మాట్లాడలేదు, అత్తతోనే మాట్లాడింది. సాంపుల్ ఆరోజే తీసింది.

రిపోర్టు తొమ్మిదో రోజు వచ్చింది. తెచ్చింది నేనే. కవరు అంటించలేదు కాబట్టి మెట్ల మీదే చదివాను. పొర కేన్సరు. నేను ఎలుకల కణాల్లో మెచ్చుకున్న చీలిక ఇక్కడ లెక్క తప్పి, ఎవరి మాటా వినని స్థితికి చేరింది. ఆ దశలో చెవి కూడా పోతుందని చదివాను. చాలా కణాలు ప్రొజెస్టిరాన్‌ను అందుకునే ప్రొటీను తయారుచేయడం మానేస్తాయి.

మామ రెండు రోజులకు వచ్చాడు. లారీ వీధి మొదట్లో ఆపి, స్నానం కూడా చేయకుండా గడప మీద కూర్చున్నాడు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను.

"నాలుగు నెలల ముందే ఆ సాంపుల్ తీసి ఉంటే?" అన్నాడు.

"చెప్పలేం మామా."

"చెప్పలేవా, చెప్పవా?"

ఆ తర్వాత మామ నన్ను ఎలుకల డాక్టరు అని మళ్ళీ ఎప్పుడూ పిలవలేదు. పేరు పెట్టి పిలిచేవాడు. దానికంటే ఆ ఎగతాళే నయంగా ఉండేది.

ఆపరేషన్ అయింది. గర్భసంచి, అండాశయాలు తీసేశారు. కేన్సరు కండర గోడలో సగం మందం దాటి లోతుకు పోయిందని రాశారు. కుట్లు విప్పిన వారంలోనే నా వైవా. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషి, నా పట్టికలన్నీ ఓపికగా చూశాడు.

"రెండో గుంపుతో పోలిస్తే ఐదో గుంపులో గర్భసంచి బరువు ఎందుకు తక్కువ?" అని అడిగాడు.

నాలుగు వాక్యాల్లో చెప్పాను. చాలా స్పష్టంగా చెప్పావు అని మెచ్చుకున్నాడు. బయటికొచ్చి సైకిల్ స్టాండు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తాళం చెవి ఏ జేబులో ఉందో గుర్తు రాలేదు.

తర్వాత కరెంటు పెట్టించడానికి బెంగళూరు పోయాం. రేడియేషన్‌ను మా వైపు అట్లాగే అంటారు. ఐదు వారాలు, వారానికి ఐదు రోజులు. చర్చి వాళ్ళ అతిథి గదిలో ఒక మంచం, ఒక చాప. మొదటి వారం అత్త అక్కడి వంటమనిషికి చింతపండు ఎంత నానాలో చెప్పింది. మూడో వారానికి అన్నం వాసనే పడలేదు. చివరి రోజు అక్కడి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇది తిరిగి వస్తే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోకి వస్తుందనీ, ఎక్సరేలో గుండ్రని మచ్చల్లా కనిపిస్తుందనీ, దగ్గు మొదలైతే ఆలస్యం చేయొద్దనీ చెప్పాడు.

బళ్ళారిలో దగ్గనివాళ్ళెవరు? మామ దగ్గుతాడు, నేను దగ్గుతాను, పాదిరిగారు ప్రసంగం మధ్యలో దగ్గుతారు. కాబట్టి ఆ ఎండాకాలం చివర అత్త దగ్గడం మొదలుపెట్టినప్పుడు, "దుమ్మురా, అందరికీ ఉండేదే" అంది. మామ కూడా "దుమ్మే" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. ఈసారి నేను కాగితం తీసుకోలేదు. ఆటో పిలుచుకొచ్చాను.

ఎక్సరే అరగంటలో ఇచ్చారు. డాక్టరు వచ్చేదాకా ఆగలేకపోయాను. అత్త వరండా బల్ల మీద కూర్చుని ఉంది. నేను ఇవతలి గదిలో కిటికీ అద్దానికి ఫిల్ము ఆనించి పట్టుకుని గుండ్రని మచ్చలు లెక్కపెట్టాను. పొరపాటు పడకూడదని కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి.

ఎడమవైపు నాలుగు. కుడివైపు మూడు.